రెండో పేజీ

“బెల్టు పెట్టుకో పెదనాన్నా,” అంది మా తమ్ముడి కూతురు. నిరుడు తన కారుని లారీ గుద్దాక అది మళ్ళీ కారు నడపడం ఇదే మొదలు. పక్కన నేను, సైకిలు దాటి ఎదగనివాణ్ణి.

నెట్లో వెతికినప్పుడు కంపెనీల పేర్లు పైకొచ్చేలా చూడటం దాని ఉద్యోగం. చెడ్డ వార్తను చెరపలేరట. మంచివి రాసి రాసి దాన్ని వెతుకులాట ఫలితాల్లో రెండో పేజీకి తోసేస్తారట. “అక్కడికి ఎవరూ వెళ్ళరు. బుర్రకీ అంతే పెదనాన్నా, కారులో మంచి జ్ఞాపకాలు పోగేస్తే ఆ లారీ వెనక్కి పోతుంది,” అని, ఆగివున్న కారులో నెల్లాళ్ళు కూర్చుని పాటలు పాడింది, పల్లీలు నమిలింది. పిచ్చి ముదిరిందనుకున్నాను, కాకపోతే పల్లీల కోసం నేనూ వెళ్ళేవాణ్ణి.

నిరుడు లారీ గుద్దిన అదే కూడలి. పచ్చదీపం. కూనిరాగం తీస్తున్న పిల్ల ఉన్నట్టుండి బ్రేకు తొక్కేసింది.

“పచ్చదీపమేగా, పోనీవే!” అన్నాను. నెల్లాళ్ళ కష్టం మట్టిపాలైందనుకున్నాను.

అంతలో ఎర్రదీపాన్ని లెక్కచెయ్యని లారీ ఒకటి మా ముక్కుముందు నుంచి దూసుకుపోయింది.

దాని వైపు తిరిగాను. “రెండో పేజీకి ఎవరూ వెళ్ళరన్నావుగా?”

“నేను వెళ్ళలేదు పెదనాన్నా. లారీ రొద వినగానే ఆ పేజీయే నా దగ్గరికి వచ్చింది.”

గేరు వేసింది. ఈసారి కూనిరాగం నేను అందుకున్నాను.