దీపం పెట్టని ఇల్లు

తొంభై ఏడులో, ఈస్టర్ తెల్లవారుజామున మా అబ్బాయి జయంత్ సమాధి మీద కొవ్వొత్తులు వెలిగించి స్టీల్‌ప్లాంట్ క్వార్టర్‌కి తిరిగొచ్చేసరికి, పక్కింటి వరహాలమ్మ మా గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో పులిహోర, బూరెలున్న గిన్నె.

"బిడ్డ పోయిన ఇంట ఏడాది తిరిగేదాకా పండక్కి పొయ్యి మీద మూకుడు ఎట్టకూడదమ్మా. అందుకే నాను ఒండి తెచ్చాను," అంది.

నేను గిన్నె అందుకున్నాను. నేను ఆసుపత్రి డ్యూటీలో ఉన్న రోజుల్లో జయంత్‌కి అన్నం తినిపించింది ఆవిడే. వానాకాలంలో వాడు జ్వరంతో పోయినప్పుడు నాకంటే పెద్దగా ఏడ్చిందీ ఆవిడే.

మా ఆయన చర్చిలో సంఘపెద్ద. ఇంతకుముందే సమాధుల తోటలో నిలబడి, పొరుగువాణ్ణి ప్రేమించమని అందరికీ చెప్పి వచ్చారు. ఆవిడ అటు తిరిగిందో లేదో, నా చేతిలోంచి గిన్నె లాక్కుని పెరటి కాలువలో కుమ్మరించారు.

"విగ్రహాలకి పెట్టింది మనం తినకూడదు," అన్నారు.

తలెత్తి చూస్తే పిట్టగోడ అవతల వరహాలమ్మ. ఆవిడకి కోపం కూడా రాలేదు.

"ఏ దేవుడికీ పెట్టనేదు బాబూ. వానాకాలం నుంచి మా ఇంట్లో దీపమే ఎట్టనేదు. మనిసి పోయిన ఏడాది దేవుడికి ఏటెడతాం?"

"మీ ఇంట్లో ఎవరు పోయారు?" అన్నారు మా ఆయన.

ఆవిడ చెయ్యి చాచి, ఖాళీ గిన్నె అందుకుంది.

"జయంత్ పోనేదా బాబూ?"