చోడి అంబలి

“బయట తింటావు, ఇంట్లో మాత్రం తినవు. ఎందుకని?” డాక్టర్ అనూరాధ మళ్ళీ అడిగింది.

దేవేంద్ర తల వంచుకునే జవాబిచ్చాడు. హోటల్లో ఇడ్లీ తింటాడట. పక్కింటివాళ్ళు టీ ఇస్తే తాగుతాడట. అమ్మ రాగిపిండితో కాచిపెట్టే చోడి అంబలే గొంతు దిగదట.

“సేదుగుంటాది మేడమ్. అందులో ఏదో కలుపుతాది మాయమ్మ.”

పక్క కుర్చీలో ఉన్న చిన్నతల్లి చటుక్కున వాడివైపు తిరిగింది. ఎదిగిన కొడుకు డాక్టరు ముందు ఎంత మాటన్నాడు.

చెన్నైలో కంపెనీ పని పోయి, కోటబొమ్మాళి పక్కనున్న తమ ఊరికి వచ్చినప్పటినుంచీ వాడు వాడిలా లేడు. స్నేహితుల్ని వదిలేశాడు. పగలంతా తలుపేసుకుని గదిలోనే ఉంటాడు, రాత్రి నిద్రపోడు. చిన్నతల్లి తమ్ముడు అసిరయ్యకీ ఇలాగే మొదలైంది. ఒకనాడు నౌపడలో రైలెక్కిన మనిషి మళ్ళీ ఇంటి మొహం చూడలేదు. ఈ సంగతి చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. డాక్టరే అడిగి అడిగి రాబట్టింది.

మేనమామకి మనసు జబ్బు ఉన్నంతమాత్రాన వీడికీ వచ్చి తీరాలని లేదంది అనూరాధ. నిద్ర పట్టకపోవడం, మనుషుల్లో కలవకపోవడం పని పోయిన దిగులుతో కూడా కావచ్చంది.

“నా భయమల్లా ఈ తిండి అనుమానం గురించేనమ్మా. ఇదొక్కటీ లేకపోతే మందు రాయకుండా కొన్నాళ్ళు చూసేదాన్ని.”

దేవేంద్ర అప్పుడు తలెత్తాడు. తల్లి చెయ్యి తీసుకుని తన నెత్తిమీద పెట్టుకున్నాడు.

“అమ్మా, ఒట్టేసి సెప్పు. నువ్వేటీ కలపనేదంటే తప్పు నా బుర్రలోనే ఉన్నాదని ఒప్పుకుంటాను. మందులు మింగుతాను.”

చిన్నతల్లి వాడి నెత్తిమీది చెయ్యి తియ్యలేదు. వీడు మందులు మింగనంటే? తమ్ముడిలాగే ఏ రైలో ఎక్కేస్తే?

“నీ మీదొట్టు నాయినా. పిండీ ఉప్పూ తప్ప అందులో ఏటీ నేదు.”

వాడి భుజాలు కిందికి దిగిపోయాయి. “అయితే నాకే బాగోనేదు మేడమ్,” అన్నాడు మెల్లగా. అనూరాధ మందులు రాసింది.

ఇల్లు చేరాక తనే పీట వాల్చుకుని, అంబలి పెట్టమని అడిగాడు. అనుమానించినందుకు ఏమీ అనుకోవద్దన్నాడు.

చిన్నతల్లి వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. గిన్నెలో అంబలి పోసింది. గుమ్మంవైపు ఒకసారి చూసింది.

నాటువైద్యుడిచ్చిన పొడి ఈసారి కాస్త తక్కువ కలిపింది.