ఇదిగో, నిన్నే!

కండక్టరు పలక మీద పెద్ద అక్షరాలతో రాసి, పక్క కుర్చీలో మనిషి ముఖం ముందు పెట్టాడు.

'దయచేసి నోరు మూసుకోండి.'

ఆ 'దయచేసి' బస్సులో పనిచేసిన అలవాటు కొద్దీ వచ్చింది కానీ, కోపం నషాళానికి అంటి ఉంది.

"ముందుకు జరగండి" అని బస్సంతా అదరగొట్టిన గొంతు అతనిది. కిందటేడు జబ్బు చేస్తే డాక్టర్లు ఆ గొంతు తీసేశారు. అప్పటినుంచి ఎక్కడికెళ్ళినా చంకలో పలక.

ఇంట్లో అదీ పనికిరాదు. భార్యకు చూపు లేదు.

"ఉన్నారా?" అంటుందామె.

ఉన్నానని చెంచాతో గ్లాసు మీద టంగుమనిపిస్తాడు. వాళ్ళ సంసారమంతా ఇప్పుడు ఆ ఒక్క చప్పుడు మీదే నడుస్తోంది.

టైపు చేస్తే మాట్లాడే యంత్రం ప్రభుత్వం ఇస్తుందని విని, ఈ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతున్నాడు.

"కాలు పోతే కర్రకాలుకు డబ్బిస్తారు. మాట పోతే మాత్రం, అంత అవసరమా అంటున్నారు పైవాళ్ళు. నిధులు రావాలండీ" అంటుంది అక్కడి స్పీచ్ థెరపిస్టు, తనే తప్పు చేసినట్టు తల దించుకుని.

వెళ్ళినప్పుడల్లా వరండాలో ఈ వసపిట్ట తయారు. మెడకు మఫ్లరు, బొంగురు గొంతు, నోటికి తాళం లేదు. ఆయన్ని చూస్తే అందరూ కుర్చీలు మారేవారు. మాట పోయినవాళ్ళ మధ్య కూర్చుని అంతలా వాగితే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు?

ఆ రోజు ఆ వసపిట్ట వచ్చి కండక్టరు పక్కన చేరాడు.

"యంత్రం రాగానే మొదట ఎవరితో మాట్లాడతారు?"

'మా ఆవిడతో' అని రాశాడు కండక్టరు.

"ఆవిణ్ణి ఏమని పిలిచేవారు?"

ఇదేం ప్రశ్న! అయినా రాశాడు. 'ఇదిగో, నిన్నే!'

వసపిట్ట కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. "ఇదిగో, నిన్నే!" అని కసురుతూ ఒకసారి. బతిమాలుతూ ఒకసారి. చివరికి, "ఇదిగో... నిన్నే" అని ముద్దుగా.

పరాయి మగాడు తన పెళ్ళాన్ని ముద్దుగా పిలవడమా!

అందుకే ఆ పలక.

వసపిట్ట చదివి నవ్వాడు.

"ఇంకెంతో కాలం విసిగించనులెండి" అని లేచి, మేడమెట్లెక్కి వెళ్ళిపోయాడు.

పీడా విరగడైందనుకున్నాడు కండక్టరు. నిజంగానే ఆ తరువాత ఎన్నిసార్లు వెళ్ళినా ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. వరండా మరీ నిశ్శబ్దంగా అనిపించేది కానీ, ఆ సంగతి అతను ఒప్పుకోలేదు.

ఎట్టకేలకు నిధులు వచ్చాయి.

"పై వరుసలో మొదటి మీట మీకోసమే పెట్టాం. ఇంటికెళ్ళి నొక్కండి" అంది థెరపిస్టు, యంత్రం చేతికిస్తూ.

వంటింటి గుమ్మంలో నిలబడి నొక్కాడు.

"ఇదిగో... నిన్నే."

"ఆఁ, వస్తున్నా" అంది భార్య, అలవాటుగా. రెండడుగులు వేసి, గోడ పట్టుకుని ఆగిపోయింది. చూపులేని కళ్ళు నిండిపోయాయి.

"పిలుపు మీదే. గొంతు ఎవరిదండీ?"

ఎవరిదో కండక్టరుకు తెలిసింది. పలక మీద తను రాసిన మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

తెల్లారగానే ఆఫీసుకు పరుగెత్తాడు. అతను టైపు చేస్తే ఆ బొంగురు గొంతే అడిగింది.

"ఈ గొంతాయన ఎక్కడ? కాళ్ళు పట్టుకోవాలి."

"యంత్రాలకే అరకొర నిధులు. మంచి గొంతుకు ఎవరిస్తారండీ? ఇదివరకు రేకుడబ్బా మోగినట్టు మాట్లాడేవి" అంది థెరపిస్టు. "ఆయన తన గొంతు ఆపరేషన్ కోసం ఈ ఊరొచ్చారు. ఎలాగూ తీసేసేదే కదా, వాడుకోండి అన్నారు. రోజూ పైగదిలో రికార్డింగు. మధ్యలో కిందికొచ్చి, ఎవరికి ఏ మాట కావాలో అడిగి వెళ్ళేవారు."

"ఇప్పుడెక్కడున్నారు?"

"ఆపరేషన్ అయ్యాక అద్దెగది ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఎక్కడికో చెప్పలేదు. చెప్పడానికి గొంతేదీ?"

"మరి ఆయనకు యంత్రం?"

థెరపిస్టు కిటికీ వైపు తిరిగింది.

"దరఖాస్తే పెట్టలేదు. ఎందుకండీ అని ఆపరేషన్‌కు ముందే అడిగితే, 'ఇదిగో, నిన్నే అని పిలవడానికి నాకెవరున్నారమ్మా' అన్నారు."