బారెడు గొట్టం

నర్సింగ్ పిడికిలి దెబ్బకు రామేశ్వరం పడవ గైడు చిదంబరం పెదవి చిట్లింది. నెత్తురు నాచారం ఇంటి గచ్చు మీద చిమ్మింది.

"పగడపు దిబ్బలు సూపిస్తనని పడవెక్కించి మా బావను సంపినవ్. ఇప్పుడు ఆయన సామాన్లు తెచ్చిస్తవా?" మెడ పట్టి గోడకేసి కొట్టాడు నర్సింగ్.

"తమ్మీ, సచ్చిపోతడు, ఇడువు!" శాంతాబాయి అడ్డం పడింది. భర్త మునిగిపోయి నాలుగు రోజులే అయింది.

"సావనీ అక్కా! గిసుంటోడు బతికి ఏం జెయ్యాలె?" వేళ్లు మరింత బిగించాడు.

"నీళ్లలో ఊపిరి పీల్చుకోవడానికి నేనిచ్చింది జానెడు గొట్టం సార్," చిదంబరం ఊపిరందక గొణిగాడు. "ఇంకా లోతుకెళ్లి చూడాలని ఆయన సంచీలోంచి వేరేది తీసి నోట్లో పెట్టుకున్నారు. బారెడు గొట్టమైతే విడిచిన గాలే మళ్లీ లోపలికొస్తుంది. నేను ఈదుకుంటూ చేరేలోపే స్పృహ తప్పారు."

శాంతాబాయి అతను తెచ్చిన మూట విప్పింది. పొడుగాటి రబ్బరు గొట్టం, మధ్యలో రెండు ముక్కలను కలుపుతూ ఇత్తడి కట్టు. తాను పనిచేసే ఉప్పల్ షెడ్డులో లేత్ మిషన్ మీద దానికి తాను కోసిన మరచుట్లను నర్సింగ్ చూడగానే గుర్తుపట్టాడు.

చిదంబరం మెడ మీద వేళ్లు సడలాయి.

"ఇది ఎవరు జేసిచ్చిన్రు తమ్మీ?"

"పొడుగుంటే లోతుకు పోవచ్చని బావ అడిగిండు. నేనే జేసిచ్చిన అక్కా. బావను సంపింది నేనే."