పెద్దమ్మ పాత్ర

"చుట్టాలు అయిపోయిన్రు అక్కా," అన్నాడు లింబాద్రి, నిచ్చెన మీద నిలబడి ఏసీ మూత విప్పుతూ. "సెలవు కావాల్నంటే ఎవరన్న సావాలె. పదేండ్ల సర్వీసుకు నాకున్న చుట్టాలు సరిపోతలేరు."

కింద నిచ్చెన పట్టుకున్న పుష్ప నవ్వింది. ఆమెది కోనసీమ. ధహ్రాన్‌లోని ఆ కాంపౌండ్‌లో పద్నాలుగో నంబరు విల్లాలో వంటా ఇంటిపనీ ఆమెవే.

"ఇప్పటిదాకా ఎంతమందిని చంపావేంటి?"

"తాతలిద్దరు. అమ్మమ్మ. రెండు వేల పంతొమ్మిదిల చెల్లె పెండ్లికి అమ్మను సుత చంపిన. నాయిన పోతే మాత్రం సెలవియ్యలె."

"అదేంటి?"

"ఆయన నిజంగ పోయిండు. నాకు ఏడుపు రాలె. ఇర్ఫాన్ భాయ్ నమ్మలె."

మెయింటెనెన్స్ కంపెనీలో సెలవులు చూసే ఇర్ఫాన్ చెడ్డవాడేం కాదు. చావు కబురు లేకుండా సెలవు అడిగినవాణ్ణి ఏనాడూ చూడక, కంప్యూటర్లో మనిషికో చావుల పట్టిక పెట్టుకున్నాడు. అందులో ఒకసారి పోయినవాళ్లు రెండోసారి పోవడానికి వీల్లేదు.

"ఇప్పుడెవరి పెళ్లి?"

"ఇంట్ల పనుంది. వచ్చే బుధవారం కల్ల ఊళ్లె ఉండాలె."

సోఫాలో కళ్లు మూసుకుని ఉన్న హిల్డా, సంగతేమిటని అడిగింది. పుష్ప తనకొచ్చిన ఇంగ్లీషులో అంతా చెప్పేసింది. చెప్పకుండా ఉండటం ఆమెకు రాదు.

హిల్డాకు డెబ్బై నాలుగు. లండన్‌లో ముప్పై ఏళ్లు నటించి, ఆ తర్వాత సినిమాలకు కథలు రాసి, ఇప్పుడు ఇంజనీరు కూతురి దగ్గర ఉంటోంది. ఇంటికి ఎవరొచ్చినా ముందు టీ ఇస్తుంది, వెనకే తన జీవితం చెబుతుంది. బొద్దింకల మందు కొట్టే అతనికి ఆమె రెండో భర్త దాకా కంఠతా వచ్చు.

లింబాద్రి వంతుకు ఆమె మొదటి సినిమా కథ వచ్చింది. అందులో ఆమెకు మాటల్లేవు. సమాధి దగ్గర మూడో వరసలో నిలబడాలి, అంతే. ముందు రెండు వరసలవాళ్లూ వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. ఆమె మాత్రం గ్లౌజు విప్పింది, మడిచింది, మళ్లీ తొడుక్కుంది. కెమెరా అందర్నీ దాటుకుంటూ వచ్చి ఆమె దగ్గర ఆగింది. యాభై దాటాక శవం వేషాలే రావడంతో, ఆ శవాల చేత పోయేముందు నాలుగు మంచి మాటలైనా చెప్పిద్దామని తనే రాయడం మొదలుపెట్టింది.

"ఏడవొద్దంటన్నారు," అంది పుష్ప, హిల్డా మాటల్ని తెలుగులోకి మారుస్తూ. "చేతులకి పని చెప్పాలంట. చచ్చిపోయేది నిన్ను పెంచిన పెద్దమ్మ అంట. ఆ పట్టీలో పెద్దమ్మకి గడి ఉండదంట."

"ఉండది," ఒప్పుకున్నాడు లింబాద్రి.

ఏసీ ఆ సోమవారమే బాగైంది. రిహార్సల్‌కు వచ్చిన మిగతా రెండు మధ్యాహ్నాలూ దాన్ని మర్యాద కోసం విప్పి బిగించాడు. బయట దుమ్ము లేచి, సూర్యుడు స్టీలు పళ్లెంలా తెల్లగా వేలాడుతున్నాడు. పరదాలు నెమ్మదిగా ఊగుతున్నాయి.

"పెద్దమ్మ ఏం పని చేసేది?" పుష్ప నోట హిల్డా అడిగింది.

"బీడీలు చుట్టేది."

"ఎలాగో చూపించు."

చూపించాడు. లేని తునికాకును లేని కత్తెరతో కత్తిరించి, లేని తంబాకు పోసి, చుట్టి, మొన మడిచి, దారం కట్టాడు.

"బడి నుంచి రాంగనే ఒళ్లె ఉన్న చాట పక్కకు జరిపేది. నేను తల పెట్టుకుంటందుకు."

"చాట బాగుందంటన్నారు. కానీ మరీ అంత మంచావిడైతే ఎవరూ నమ్మరంట. ఏదైనా లోపం చెప్పాలంట."

"మస్తు తిట్టేది. ఫోన్ల సుత. వీడియో కాల్ చేస్తె మొఖం కనవడకపోయేది, ఇంటి కప్పు కనవడేది. ఆ కప్పు నన్ను అరగంట తిట్టేది."

హిల్డా రాసుకుంది. గడ్డం గీయొద్దని చెప్పింది. గీస్తలేనన్నాడు. పుష్ప చికెన్ పెడితే చాయ్ చాలన్నాడు.

బుధవారానికి పుష్ప అనువాదం చెప్పడం మర్చిపోయింది. హిల్డా అడగనూ లేదు. ఆ గదిలో ఎక్కడో తంబాకు వాసన వస్తున్నట్టు, సోఫా పక్కన ఎవరో చాట పెట్టుకుని కూర్చున్నట్టు ముగ్గురికీ అనిపించింది. ఎవరూ ఆ చోటు తొక్కకుండా పక్కనుంచి నడిచారు.

"అబద్ధాలు భలే అల్లుతావయ్యా," అంది పుష్ప.

"అలవాటైంది అక్కా."

గురువారం ఇర్ఫాన్ పట్టిక తెరిచాడు. "ఈసారి ఎవరు?"

"పెద్దమ్మ. పెంచింది."

"సొంత అమ్మ కాదు కద లింబాద్రీ. పెద్దమ్మకు రూల్ లేదు."

బల్ల అంచున లింబాద్రి వేళ్లు ఆకు కత్తిరించాయి, చుట్టాయి, దారం కట్టాయి. మళ్లీ కత్తిరించాయి. ఇర్ఫాన్ ఫోన్ మోగినా తియ్యలేదు. ఏడో బీడీకి కంప్యూటర్ తన వైపు తిప్పుకుని పదిహేను రోజులు రాశాడు.

"మీ అమ్మ పోయినప్పుడు కూడ ఇంత బాధ పడలేదు కద నువ్వు," అన్నాడు.

"అవును భాయ్."

సాయంత్రం సెలవు కాగితం చూపించడానికి లింబాద్రి విల్లాకు వచ్చాడు. హిల్డా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆమె జీవితంలో ఇంకొకరికి కొట్టిన చప్పట్లు అవే మొదటివని కూతురు తర్వాత చెప్పింది.

"ఊళ్లో మీ పెద్దమ్మకి నమస్కారం చెప్పమంటన్నారు," అంది పుష్ప. "ఆవిడ వల్లే పనైందంట."

గుమ్మంలో బూట్లు తొడుక్కుంటున్న లింబాద్రి తల ఎత్తలేదు.

"నాకు పెద్దమ్మ లేదక్కా."

"మరి ఆ బీడీలు చుట్టేది ఎవరు?"

"అమ్మనే అక్కా, మొన్న ఐతారం నిజంగ పోయింది."