గంట గోపురం మీది ముఖం

"అచ్చం మీ ఆయనే హెస్టర్," అంది ఐవీ, తాడు మీద పైకి లేస్తున్న రాతి తలను చూస్తూ. "ఆ చీలిన పెదవి చూడు. ఇక వాన పడినప్పుడల్లా ఊరందరి మీదా ఉమ్ముతాడు. ఇక్కడున్నన్నాళ్లూ చేసిందదేగా."

చుట్టూ నవ్వారు. హెస్టర్ చేతిలోని ఈస్టరు పూలు జారి గడ్డిలో పడ్డాయి.

హాలోబర్న్ చర్చి గోపురానికి నాలుగు మూలలా నాలుగు గార్గాయిళ్లు. కప్పు మీది వాన నీటిని గోడ తడవకుండా దూరంగా కక్కే రాతి తలలు. ఉత్తరపు మూలది ముక్కూ మొహం అరిగిపోయిందని పాదిరిగారు ఎక్కడినుంచో శిల్పిని పిలిపించారు. కొత్త తలకు ఎవరో ఒకరి పోలిక పెట్టడం శిల్పులకు అలవాటు. ఈసారి ఎవరి ముఖమోనని ఊరంతా నెల్లాళ్లుగా ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. సైలస్ ముఖం మాత్రం ఎవరూ అనుకోలేదు. ఆరేళ్ల కిందట అతను భార్యను వదిలేసి కెనడా ఓడెక్కాడని ఊళ్లో అందరికీ తెలుసు.

ఐవీ దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "వీళ్లు బతికున్నవాళ్ల ముఖాలే చెక్కుతారట. పోయినవాళ్లది చెక్కితే గోపురం నిలవదని భయం. అంటే మీ ఆయన్ని ఎక్కడో చూశాడన్నమాటే. నాలుగు రోజులు మా ఇంట్లో ఉండవే. మళ్లీ ఆ దెబ్బలు తినలేవు."



అందరూ టీ తాగడానికి వెళ్లాక, హెస్టర్ చర్చి గోడ పక్కనున్న చెక్క పాకలోకి వెళ్లింది. శిల్పి ఉలులు తుడుచుకుంటున్నాడు.

"ఆ ముఖం ఎక్కడ చూశారు?"

"బ్రిస్టల్ రేవులోనమ్మా, పోయిన నెల. ఈ ఊరికి వస్తున్నానంటే మీ గురించే అడిగాడు. త్వరలో వస్తానని చెప్పమన్నాడు."

"మీరు చూసింది ఇంకెవర్నో."

"ఆ పెదవి ఇంకెవరికి ఉంటుంది?"

"అతను రాడు."

"ఎందుకు రాడమ్మా? కెనడా నుంచి ఓడలు వస్తూనే ఉన్నాయిగా."

"రాలేడు." ఆమె బల్ల అంచు పట్టుకుంది. "చచ్చినవాడు ఎలా వస్తాడు?"

శిల్పి ఉలి కింద పెట్టాడు. నింపాదిగా వెళ్లి పాక తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"మా అన్నయ్యను ఎక్కడ పాతిపెట్టావు, వదినా?"