అత్తయ్య చెప్పు

"ఇది నీటి తిత్తేనమ్మా, భయం లేదు" అంది డాక్టరమ్మ, నా పాదం మీది జెల్ తుడుస్తూ. స్కానింగ్ తెర మీద నా గడ్డ నల్లద్రాక్షలా ముద్దొచ్చింది.

"మావాడు నీ గడ్డ దిగులుతో వారంగా నిద్రపోలేదు, ఫోన్ చెయ్యి తల్లీ" అని పక్కనే ఉన్న అత్తయ్య నవ్వింది. "నాకూ అరికాల్లో ఉందిలే ఇలాంటిదే. ఏళ్ల తరబడి పెంచుకుంటున్నా."

"అయితే మీరూ ఎక్కండి, జోడీ కుదురుతుంది!" అని నేనే ఆవిణ్ణి బల్ల ఎక్కించాను.

ఆవిడ విప్పిన చెప్పు చూశాను. గడ్డకు ఒత్తుకోకుండా మధ్యలో గుండ్రంగా కోసి ఉంది. ఎలుక కొరికిందని ఇంటిల్లిపాదీ ఆటపట్టించే చెప్పు అది. కొత్తకోడల్నైనా, వాళ్లతో పాటు నేనూ నవ్వేదాన్ని.

డాక్టరమ్మ మీట నొక్కగానే తెర మీద ఆవిడ గడ్డ నిండా ఎరుపూ నీలమూ మెరిశాయి.

"భలే రంగులు!" అన్నాను.

"అది లోపల పారే రక్తమమ్మా. ఇది నీళ్లు కాదు, గట్టి గడ్డ." ఆమె అత్తయ్య వైపు తిరిగింది. "ఇన్నేళ్లూ ఎవరికీ చూపించలేదా?"

"ఎవరూ అడగలేదు" అంది అత్తయ్య మామూలుగా.

ఫోన్ మోగింది. ఆయనే. "ఏమన్నారు? అంతా బాగుందా?"

"నాది బాగుంది. రేపు మీరు సెలవు పెట్టండి. పొద్దున్నే అత్తయ్య గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపుతారట."